దుమ్ము లేని హాల్లో ఎలర్జీ

నా గ్రీన్ కార్డు మీద ఒట్టు. అరిగిపోయిన నా రెండు మోకాలి చిప్పల మీద ఒట్టు. మా ఆవిడ నన్ను నమ్మిన ఆ రెండు మూడు సందర్భాల మీద ఒట్టు. ఇక్కడ రాస్తున్న ప్రతి అక్షరం నిజం.

నన్నెరిగినవాళ్లు ఈ ముక్క దగ్గరే చదవడం ఆపేస్తారని తెలుసు. ఆష్‌బర్న్‌లో మా డేటా సెంటర్లో పనిచేసిన పద్దెనిమిదేళ్లూ నాకు కోతలరాయుడనే పేరు. సర్వర్ల వేడికి చలి కాచుకుందామని హాల్లోకి దూరిన ఆరడుగుల పామును నెట్‌వర్క్ కేబులుతో ఉచ్చు వేసి పట్టుకున్న ఉదంతం కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పాను. చెప్పినప్పుడల్లా పాము ఒక అడుగు పెరిగింది. పన్నెండు అడుగుల దగ్గర నేనే ఆపాను, అంతకు మించి సాగడానికి ఆ సందులో చోటు లేదు కనుక.

రెండేళ్ల కిందట, యాభై నాలుగో ఏట, రిటైరయ్యాను. నిజానికి ముందు రిటైరైనవి నా చెవులు. పద్దెనిమిదేళ్లు ఫ్యాన్ల హోరు విని విని అవి చాలించుకున్నాయి, మిగతా నేను వాటి వెంట వచ్చేశాను. ఇప్పుడు ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు కనబడినప్పుడల్లా "అంకుల్, మీ ఎక్స్‌పీరియన్స్ ఏదైనా చెప్పండి" అంటారు. వాళ్లకు కావలసింది పాము. ఇవాళ పాము చెప్పను. ఇప్పటికీ తలుచుకుంటే నా అరచేతులు చల్లబడే ఒక మంగళవారం గురించి చెబుతాను.

పని గురించి రెండు ముక్కలు చాలు. కిటికీల్లేని పెద్ద భవనం, లోపల ఐదు హాళ్లు, ఒక్కో హాల్లో వరసలు వరసలుగా సర్వర్లు. మేం ఆరుగురం కంట్రోల్ రూమ్‌లో తెరల ముందు కూర్చుని వాటి ఆరోగ్యం కనిపెడుతుండేవాళ్లం. ఎక్కడ తేడా వచ్చినా అలారం మోగుతుంది. అప్పుడు తెర మీద ఒక బటన్ నొక్కాలి. 'నా దృష్టికి వచ్చింది' అని దానర్థం. మా భాషలో దాన్ని యాక్ కొట్టడం అంటాం. యాక్ కొట్టగానే మోత ఆగిపోతుంది, ఎరుపు కాస్తా పసుపవుతుంది. లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఎవరో లేచి వెళ్లి బాగుచెయ్యాలి. మోత ఆగాక లేచి వెళ్లడానికి మనిషికి ఎంత బద్ధకమో ఆ ఉద్యోగం చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఆరుగురిలో నలుగురం తెలుగువాళ్లం. ఐదో ఆయన ఎప్పుడూ సెలవులో ఉండే ఒక తెల్లాయన. ఆరో మనిషి మా లీడ్. నల్లజాతి స్త్రీ, నాకన్నా నాలుగేళ్లు చిన్న. నన్ను స్టోరీమ్యాన్ అని పిలిచేది. ఆమె మాట్లాడిందంతా ఇంగ్లీషే, నా చేతిలో పడి ఇక్కడ తెలుగైంది. అనువాదంలో కోతలు లేవు.

ఒక జూలైలో రెండు కూలింగ్ యూనిట్లు ఒకేసారి పడిపోయాయి. హాల్లో వేడి నిమిషానికో డిగ్రీ ఎక్కుతోంది. మేం నలుగురం తెరకేసి చూస్తూ కొయ్యబారిపోయాం. ఆమె తింటున్న డబ్బా చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "నువ్వు తలుపులు. నువ్వు వాల్వులు. నువ్వు ఫోను. స్టోరీమ్యాన్, నువ్వు నోరు మూసుకో." నలభై నిమిషాల్లో అంతా చల్లబడింది. మాలో వరంగల్ నుంచి వచ్చిన ఆయన చెమట తుడుచుకుంటూ అన్నాడు.

"గీమె మనిషి కాదన్నా. అమ్మవారు."

ఆ పేరు అలా ఖాయమైపోయింది. మా లెక్కలో అది గౌరవం. కానీ మొక్కుకోవడంలో ఒక సౌకర్యం ఉంది, గమనించారో లేదో. అమ్మవారికి నైవేద్యం పెడతాం, గంట కొడతాం, ఆ తర్వాత పళ్లెం మనమే ఖాళీ చేస్తాం. ఆవిడ తిన్నదా లేదా అని తెర తీసి చూసేవాడు లేడు.

ఉగాదికి మాకు సెలవు కావాలి, అమ్మవారు చూసుకుంటారు. కూతురి డాన్స్ ప్రోగ్రాం, అమ్మవారు చూసుకుంటారు. అత్తగారిని ఎయిర్‌పోర్టు నుంచి తేవాలి, కస్టమర్ ఫోన్లో అరుస్తున్నాడు, ఆడిట్‌వాళ్లు వస్తున్నారు, అన్నీ అమ్మవారే. మా నలుగురికీ ఒక అలవాటుండేది. కంట్రోల్ రూమ్ గాజు గోడకు అవతల ఎవరు కనబడినా ఐదు వేళ్లూ కూడదీసి నోటి దగ్గర పెట్టి కనుబొమలెగరేసేవాళ్లం. తిన్నావా అని. అవతలివాడు తలూపేవాడు. రోజుకు పదిసార్లు. ఆ గాజు వెనక నుంచి ఆమె ఎన్నిసార్లు నడిచి వెళ్లిందో! ఒక్కసారి కూడా నా వేళ్లు నోటి దగ్గరికి వెళ్లలేదు.

ఒకసారి మీటింగులో కస్టమర్ తరఫు ఆయన బల్ల గుద్ది అరిచాడు. ఆమె అందులో సగం గొంతుతో జవాబు చెప్పింది. సాయంత్రం పైవాళ్లు పిలిచి, టోన్ చూసుకో అన్నారట, ఆమెను. ఆ సంగతి నాకు చెబుతూ నవ్వింది.

"అతను అరిస్తే పని మీద శ్రద్ధ. నేను గొంతు ఒక మెట్టు పెంచితే కోపిష్టి నల్లది. అందుకే రోజూ పార్కింగ్‌లోనే నవ్వు తగిలించుకుంటాను, బ్యాడ్జితో పాటు."

"మంచి నవ్వే" అన్నాను నేను.

యాక్ కొట్టాను.

చలికాలం చివర్లో ఆమె తల్లి పోయింది. నార్త్ కరోలినాలో ఊరు. ఆమె ఒక్కతే కూతురు. మూడు రోజుల సెలవు తీసుకుని నాలుగో రోజు పొద్దున్నే డ్యూటీలో ఉంది. పైగా మా అందరికీ చిలగడదుంపతో 'పై' అనే తీపి వంటకం చేసి తెచ్చింది. అది తల్లి చేసే పద్ధతి అని చెప్పింది. మేం తిన్నాం. ఆమె తిన్నదో లేదో గుర్తులేదు. మేమంతా కలిసి ఒక కార్డు ఇచ్చాం. రాసే బాధ్యత సహజంగా నాది. 'మాకు తెలిసిన వాళ్లందరిలో నువ్వే గట్టి మనిషివి' అని రాశాను. చాలా బావుందన్నారు మావాళ్లు. ఆమె చదివింది, థాంక్యూ అంది, సొరుగులో పెట్టేసింది. నా జీవితంలో ఎన్నో అబద్ధాలు రాశాను కానీ అంత హాని చేసిన వాక్యం ఇంకోటి రాయలేదు. గట్టి మనిషివి అని రాసి ఇచ్చాక ఆ మనిషి ఇంకెవరి దగ్గర మెత్తబడుతుంది?

ఆ తర్వాత ఆమె రోజూ పదిన్నరకు మూడో హాలుకి రౌండ్స్ అని వెళ్లడం మొదలుపెట్టింది. మొదట పది నిమిషాలు. తర్వాత అరగంట. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి.

"దుమ్ము. ఎలర్జీ" అనేది.

పిల్లలూ, మీకు తెలియంది కాదు. మా హాళ్లలో గాలి మూడు వడపోతలు దాటి వస్తుంది. గుమ్మంలో జిగురు చాపల మీద బూట్లు అద్దుకుని గాని లోపలికి అడుగు పెట్టనివ్వరు. ఆష్‌బర్న్ మొత్తంలో దుమ్ము లేని చోటంటూ ఉంటే ఆ హాలే. మేం నలుగురం ఇంజనీర్లం. నలుగురం తలూపాం. "అవునవును, ఈసారి పోలెన్ చాలా ఎక్కువ" అన్నాను నేను. పుప్పొడి రావడానికి ఆ భవనానికి కిటికీ అయినా ఉండాలి కదా.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున బ్రేక్‌రూమ్‌లో ఇద్దరమే ఉన్నాం. ఆమె కాఫీ కప్పు పట్టుకుని దానిలోకే చూస్తూ అడిగింది.

"స్టోరీమ్యాన్, పొద్దున మెలకువ రాకపోతే బావుండునని నీకెప్పుడైనా అనిపించిందా?"

"ప్రతి సోమవారం అనిపిస్తుంది" అన్నాను. ఆమె పగలబడి నవ్వింది. నవ్వించానన్న గర్వంతో నేను నా సీటుకి వెళ్లిపోయాను.

రెండు వారాలు గడిచాయి. ఆ మంగళవారం వచ్చింది.

తొమ్మిదింటికి ఆమె నా బల్ల దగ్గరికొచ్చి తన టార్చి నా ముందు పెట్టింది. పెన్నంత ఉంటుంది, సర్వర్ల వెనక ఎంత ఇరుకులోకైనా వెలుగు పంపుతుంది. ఉద్యోగంలో చేరిన రోజు వాళ్లమ్మ కొనిచ్చింది. ఐదు నిమిషాలు అడిగినా ఇచ్చేది కాదు.

"నీ దగ్గర ఉంచు. నీకిష్టం కదా."

"రేపు మళ్లీ ఇమ్మని అడగడానికి వస్తావుగా" అన్నాను, జేబులో పడేసుకుంటూ.

"రాను" అంది. నవ్వింది. ఆ రోజు ఆమె ముఖం చాలా తేలిగ్గా ఉంది. నెలల తరబడి మోస్తున్నదేదో దించేసినట్టు. నాకు సంతోషమేసింది కూడా. అమ్మయ్య, కోలుకుందనుకున్నాను. రిటైరయ్యే దాకా నన్ను నిద్రలో లేపిన ముఖం అదే.

పదీ నలభైకి లాబీ నుంచి ఫోను. అక్కడ సెక్యూరిటీ డెస్కులో ఒక పెద్దావిడ కూర్చునేది. ఆవిడా నల్లజాతి స్త్రీయే, అరవై దాటింది. అంతకు ముందు పాతికేళ్లు స్కూలు బస్సు నడిపింది. ఆ గొంతు వింటే మేం కూడా సీట్లలో సర్దుకుని కూర్చునేవాళ్లం.

"స్టోరీమ్యాన్, మీ లీడ్ ఇవాళ నీకేమైనా ఇచ్చిందా?"

"టార్చి ఇచ్చింది. ఏం, కుళ్లుగా ఉందా?"

అటువైపు నవ్వు లేదు.

"నాకు తన మొక్క ఇచ్చింది. పదకొండేళ్లుగా పెంచుకుంటున్న మొక్క. ఇంక నీళ్లు నువ్వే పొయ్యి అంది. మా చెల్లెలు పోయే ముందు వారం తన వంటగిన్నెలన్నీ నాకిచ్చింది. నేను థాంక్యూ చెప్పాను. ఆమె ఎక్కడుందో చూడు. ఇప్పుడే."

ఫోను పెట్టేశాను. బ్రేక్‌రూమ్‌లో ఆమె అడిగిన మాట అప్పుడు, రెండు వారాల తర్వాత, మొదటిసారి నా చెవికి చేరింది.

ఆమె బల్ల చూశాను. కప్పు కడిగి బోర్లించి ఉంది. డ్యూటీ అప్పగింత కాగితం ఉంది. మామూలుగా అందులో ఒక రోజుకి రాస్తాం. ఆమె నెలకు సరిపడా రాసింది. ఏ కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో, ఏ యూనిట్ ఎప్పుడు మొరాయిస్తుందో అన్నీ ఉన్నాయి. ఆఖరి గీత దాకా తన గురించి ఒక్క ముక్క లేదు.

బ్యాడ్జి లాగ్ తెరిచాను. పదీ తొమ్మిదికి మూడో హాల్లోకి వెళ్లింది. బయటికొచ్చిన గుర్తు లేదు. రేడియోలో పిలిచాను. గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాను.

పక్క సీట్లో వరంగల్ ఆయన. "తమ్ముడూ, లే. లీడ్ మూడో హాల్లో ఉంది, పలకట్లేదు. నాకేదో భయంగా ఉంది" అన్నాను.

అతను తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఈసారి పామా అన్నా, మొసలా?"

"ఒట్టు."

"నీ ఒట్లు నా దగ్గర డజనున్నయ్."

నేనింకేమీ అనలేకపోయాను. మాట కోసం వెతుక్కోవడం నా బతుకులో అదే మొదటిసారి. మాట రాకపోయేసరికి అతను తలతిప్పి చూశాడు. చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఏమైందన్నా? అన్నా?"

మెట్లదారీ, పార్కింగూ చూడమని అతన్ని పంపాను. ఫోను తీసి నైన్ వన్ వన్ నొక్కబోతుండగా పెద్దావిడ రొప్పుతూ లోపలికొచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. నువ్వు చేస్తే మొదట వచ్చేదెవరు? డాక్టరు కాదు. నడుముకి తుపాకీ ఉన్నవాడు. తలుపు తీయగానే వాడికి కనబడేది ఏడుస్తున్న మనిషి కాదు, చెప్పిన మాట వినని నల్లమనిషి. ముందు మనం చూద్దాం. ప్రాణానికి ముప్పుందనిపిస్తే ఆ క్షణమే నేనే చేస్తాను."

అప్పటిదాకా నాకున్నది ఒక భయం. సాయం పిలిస్తే ఆ సాయానికీ భయపడాల్సిన మనుషులుంటారని, ఏళ్ల తరబడి పక్క పక్కన పనిచేసి, ఆ నిమిషంలో తెలిసింది.

మూడో హాల్లో సర్వర్ల వరసకూ వరసకూ మధ్య వేడిగాలి వదిలే సందులుంటాయి. రెండు వైపులా తలుపులు మూసి ఉంటాయి. బయట హాలంతా చలి, ఆ సందుల్లో కొలిమి. హోరు ఎంతంటే పక్కనే పిడుగు పడినా తెలియదు. మనిషి అడుగు పెట్టగానే లైట్లు వాటంతటవే వెలుగుతాయి, ఎవరూ కదలకపోతే ఆరిపోతాయి. ఆ హాల్లో అలాంటి సందులు ఇరవై రెండు. పెద్దావిడ ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి మొదలుపెట్టాం.

మొదటి తలుపు తీశాను. లైట్లు వెలిగాయి. ఖాళీ. రెండోది. ఖాళీ. ప్రతి తలుపు దగ్గరా చెయ్యి పిడి మీద పెట్టి ఒక్క క్షణం ఆగేవాణ్ని. తీయాలని లేదు. తీయకుండా ఉండలేను. చక్ మని వెలిగే ఆ తెల్లటి వెలుగు ఏం చూపిస్తుందో. ఇప్పటికీ షాపింగ్ మాల్ బాత్రూముల్లో అలా లైటు వెలిగితే నేను గుమ్మంలో ఆగిపోతాను. నా వెనకాల వాళ్లు తిట్టుకుంటారు.

తొమ్మిదో తలుపు తీశాను. లైట్లు వెలగలేదు.

ఎందుకు వెలగలేదో నాకు తెలుసు. ఆ సందులో సెన్సర్ పాడైందని వారం కిందట అలారం వచ్చింది. యాక్ కొట్టింది నేనే. లేచి వెళ్లలేదు.

జేబులో ఆమె టార్చి ఉంది. తీసి వెలిగించాను. వెలుగు గోడల మీద ఎగిరెగిరి పడింది. ముందు బూట్లు కనబడ్డాయి. రెండు బూట్ల అడుగులు, నా వైపుకి. కదలడం లేదు. నేను వెలుగు పైకి జరపలేదు. ఎంతసేపో తెలియదు. జరపలేదంతే.

అప్పుడు ఒక బూటు పక్కకు జరిగింది.

ఆమె నేల మీద కూర్చుని ఉంది, వీపు సర్వర్లకు ఆనించి. చెవికి ఫోను నొక్కి పట్టుకుంది. వెలుగు పడగానే కళ్లు మూసుకుంది. ముఖమంతా తడి. పార్కింగ్‌లో తగిలించుకునే ఆ నవ్వు లేదు. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

ఆమె ఎదురుగా కూలబడ్డాను. మోకాళ్లు చేసిన చప్పుడు నాకే వినబడలేదు. నోరు తెరిచాను. ఆ హోరులో నా మాట నా పెదవి దాటలేదు. జీవితమంతా నోటితో బతికినవాణ్ని, నోరు పనికిరాని ఒకే ఒక్క చోట నాకు అవసరమొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, నా చెయ్యి దానంతటదే లేచింది. ఐదు వేళ్లూ కూడాయి. నోటి దగ్గరికి వెళ్లాయి. కనుబొమలు పైకెళ్లాయి.

తిన్నావా?

ఆమె నా వేళ్లకేసి చూసింది. గాజు వెనక నుంచి వేలసార్లు చూసిన సైగ, తనకు కాని సైగ. దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తల అడ్డంగా ఊపింది. రెండు వేళ్లు చూపించింది. రెండు రోజులు.

నాకు తెలిసి నెలల్లో ఆమె ఎవరికైనా 'లేదు' అని చెప్పింది అదే మొదటిసారి.

ఫోను తీసి టైప్ చేశాను. 'చచ్చిపోవాలని ఉందా?' అని. తిప్పి రాయలేదు, పూత పుయ్యలేదు. ఆ రెండు ముక్కలు కొట్టడానికి బొటనవేలు పదిసార్లు తప్పింది. తెర ఆమె వైపు తిప్పాను. ఆమె చదివింది. నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

'రోజూ. ఇవాళ చాలా.'

తలుపు బయటికి టార్చి చాపి ఊపాను. పెద్దావిడ వచ్చింది. నన్ను పక్కకు జరిపి, నేల మీద కూర్చుని, ఆమె తల తన ఒళ్లోకి లాక్కుంది. చెవిలో ఏదో చెబుతూ ఉంది. ఆ మాటలు నాకు వినబడలేదు. అవి నాకోసం కావు. కాసేపటికి నాకేసి చూసి, పొమ్మని, ఏదైనా తినడానికి తెమ్మని సైగ చేసింది. అవే ఐదు వేళ్లు.

లాబీ వెనక గదిలో ఆమె నా డబ్బాలో పెరుగన్నం తిన్నది. వరంగల్ ఆయన గుమ్మం బయట గోడకు ఆనుకుని, లోపలికి రాలేక, కళ్లు తుడుచుకుంటున్నాడు. అతని ఎలర్జీ గురించి నేనేమీ అనలేదు. నాలుగు ముద్దలు తిన్నాక ఆమె చెప్పింది. అక్కడ వింటున్నది వాళ్లమ్మ ఆఖరిగా వదిలిన వాయిస్ మెయిల్.

"ఆ హోరులో వినబడదు కదా?" అన్నాను.

"వినబడదు. అందుకే అక్కడికెళ్తాను. వినబడితే తట్టుకోలేను. వినకుండా ఉండలేను." స్పూను డబ్బాలో పెట్టేసింది. "పైగా అక్కడ ఏడిస్తే మీకెవరికీ వినబడదు. ఒక్కసారి నేను ఏడవడం మీరు చూస్తే, మళ్లీ నన్ను లీడ్ అంటారా?"

నేను జవాబు చెప్పలేదు. నిజం చెప్పాల్సి వస్తుందని.

పెద్దావిడే తన కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. అక్కడి సంగతి తర్వాత ఆవిడ చెప్పగా విన్నాను. కౌంటర్ దగ్గర అమ్మాయి మా లీడ్‌ను ఎగాదిగా చూసిందట. చక్కగా దువ్విన జుట్టు, ఇస్త్రీ చొక్కా, అలవాటు కొద్దీ మళ్లీ తగిలించుకున్న నవ్వు. "మీరు బాగానే ఉన్నట్టున్నారే" అందట. పెద్దావిడ బస్సు గొంతు తీసింది.

"నవ్వు చూసి రాసుకోకమ్మా. మనిషిని అడిగి రాసుకో."

అప్పుడు అడిగారు. అప్పుడు రాసుకున్నారు.

ఏడు వారాలు ఆమె రాలేదు. పండగలూ ఫంక్షన్లూ అన్నీ మేమే వంతులేసుకున్నాం, ఒకరినొకరు తిట్టుకుంటూ. ఆమె ఒకరు చేసే పని కాదు, ముగ్గురు చేసే పని చేస్తోందని అప్పుడు తెలిసింది. ఒక మంచి కౌన్సిలర్ దొరికిందని పెద్దావిడ ద్వారా కబురొచ్చింది. ఆవిడా నల్లజాతి స్త్రీయే. ప్రతి గాయానికీ ముందు చరిత్ర పాఠం చెప్పాల్సిన పని లేకుండా మాట్లాడగలుగుతోందట.

తిరిగొచ్చిన రోజు ఆమె మమ్మల్ని నలుగుర్నీ కూర్చోబెట్టింది.

"మీరు నా వెనక ఒక మాట అంటారు. అమ్మవారు. దానర్థం ఏంటి?"

వరంగల్ ఆయన గొణిగాడు. "దేవత అని. రెస్పెక్టే మేడమ్, ఒట్టు."

"ఆ దేవతకి లంచ్ బ్రేక్ ఉంటుందా?"

వరంగల్ ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అయితే నాకొద్దు. నా పేరుతో పిలవండి."

అప్పట్నుంచి పేరుతోనే పిలిచాం. ఆ పేరు ఇక్కడ రాయను. కొన్ని రోజులు ఆమె పొద్దున్నే తలుపులోంచే "ఇవాళ నేను ఎరుపు" అనేసేది. ఆ రోజు ఎవరూ యాక్ కొట్టకూడదని మా ఒప్పందం. లేచి వెళ్లి పక్కన కూర్చోవాలి. చాలాసార్లు ఏం మాట్లాడాలో తెలిసేది కాదు, ఊరికే కూర్చునేవాళ్లం. అదేమీ గెలుపు కథ కాదు. ఎరుపు రోజులు తగ్గాయి, పోలేదు. ఆమె పది నిమిషాలు ఆలస్యమైతే నేను రోడ్డు మీద ట్రాఫిక్ చూసేవాణ్ని, ఆ తర్వాత నా అరచేతులు చూసుకునేవాణ్ని. తొమ్మిదో సందులో సెన్సర్ మాత్రం ఆ సాయంత్రమే మార్చాను.

నేను రిటైరైన రోజు టార్చి తిరిగి ఇవ్వబోయాను.

"ఉంచుకో" అంది. "ఈసారి నేనెక్కడికీ వెళ్తూ ఇవ్వడం లేదు. వెళ్తోంది నువ్వు."

ఇంతే జరిగింది. ఇక మొదట్లో వేసిన ఒట్టు సంగతి తేల్చాలి. ఇందులో ఒకచోట కల్పించాను. మీరు పామును అనుమానిస్తుంటారు, లేదా వెలగని లైటును. లైటు నిజం. బూట్లు నిజం. ఐదు వేళ్లు నిజం. పాము సంగతి మా ఆవిడ లేనప్పుడు అడగండి.

నేను కల్పించింది బ్రేక్‌రూమ్‌లో వేసిన జోకు. 'ప్రతి సోమవారం' అని నేననలేదు. ఆమె నవ్వలేదు. పొద్దున మెలకువ రాకపోతే బావుండునని ఎప్పుడైనా అనిపించిందా అని ఆమె అడగ్గానే, నేను జేబులోంచి ఫోను తీసి, ఎవరో చేసినట్టు చెవికి పెట్టుకుని, "ఆ, హలో, చెప్పండి" అంటూ బయటికి వెళ్లిపోయాను. మోగని ఫోను. కారిడార్ చివరిదాకా మాట్లాడుతూనే నడిచాను. జోకు వేసి యాక్ కొట్టినవాడు ఈ కథలో నాకు కాస్త మర్యాదస్థుడిగా కనబడ్డాడు, అందుకని వాణ్ని పెట్టాను.

ఇది ఒకరికి ముందే ఒప్పుకున్నాను. రిటైరైన రోజే, టార్చి తిరిగి జేబులో పెట్టుకుంటూ ఆమెకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"తెలుసు" అంది. "నువ్వు చెవికి పెట్టుకునే ముందే చూశాను. స్క్రీను నల్లగా ఉంది."